ఎవరూ చదవని ఎనిమిది లైన్లు

పోయిన వారం కథలో ఆ తల్లిని మనం వంటగదిలో వదిలేసి వచ్చాం. స్టవ్ మీద పాలు, చేతిలో కూతురి ఫోను. స్నానానికి వెళ్తూ ఆ పిల్ల ఫోను చక్కెర డబ్బా పక్కన పెట్టి మరిచిపోయింది. మోగింది కదా, ఎవరో చూద్దామని ఈమె తీసింది. వాళ్ళ నాన్న మెసేజ్. ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పు తల్లీ, వచ్చే ఏడాదికి ఇక్కడి కాలేజీలో సీటు ఆపి ఉంచారు, నీ గదికి కర్టెన్లు కూడా వేయించాను, రానన్నా నేనేమీ అనుకోను అని ఉంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఫోను ఎలా ఉన్నదో అలాగే పెట్టాననుకుని, ఆమె గుడ్డ తీసుకుని పాలు తుడిచింది.

అది మంగళవారం. ఇవాళ శనివారం.

మధ్యలో మూడు రోజులూ ఇద్దరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నారు, ఒకే బస్సెక్కారు, ఒకే బడి దగ్గర దిగారు. కూతురు చెప్పలేదు. తల్లి అడగలేదు. అడిగితే వెళ్తానంటుందేమోనని భయం. అడగనంతసేపూ పిల్ల తన దగ్గరే ఉన్నట్టు.

అడగకపోవడం ఆమెకి కొత్త కాదు. తొమ్మిది నెలల కిందట భర్త వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అడిగి మరీ వేయించుకున్నప్పుడూ అడగలేదు. "నీ తప్పేం లేదు. నా వల్ల కావడం లేదు, అంతే" అన్నాడతను పెట్టె మూస్తూ. ఎందుకు అన్న ఒక్క మాట ఆమె గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. తన నోరు పెగలకపోవడమే ఆ మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టిందని అప్పట్నుంచీ ఆమె నమ్మకం.

అతను వెళ్ళిన వారమే ఆమె తను పాఠాలు చెప్పే బడిలో విద్యార్థుల పత్రిక మొదలుపెట్టింది. పిల్లలకి మంచిదని హెడ్‌మాస్టరుతో చెప్పింది గాని, అసలు సంగతి శనివారాలు గడవకపోవడం. ఏడుగురు పిల్లలు పోగయ్యారు. నలుగురు వార్తలు రాస్తారు, ఒకరు ఫొటోలు తీస్తారు, ఒకరు బొమ్మలేస్తారు, ఒకరు కంప్యూటర్లో పేజీలు పెడతారు. పేజీలు పెట్టేది కూతురే. పదో తరగతి. తెర మీద కూడా స్టీలు స్కేలు ఆనించి కొలుస్తుంది కాబట్టి జట్టులో ఆ పిల్ల పేరు స్కేలు. వార్తలు రాసేవాళ్ళలో ఒకడి పేరు రేపు. వాణ్ణి ఏది అడిగినా "రేపిస్తా టీచర్" అంటాడు.

బడి గేటు దాటాక అమ్మా అని పిలవొద్దని ఆమే మొదటి రోజు కూతురికి చెప్పింది. పక్షపాతమని ఎవరూ అనకూడదని. పిల్ల బుద్ధిగా టీచర్ అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఇంట్లో కూడా అమ్మా అనడం తగ్గింది. ఒకరోజు పొద్దున్నే వంటగదిలోకొచ్చి "టీచర్, ఉప్పెక్కడుంది" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఉప్పు ఎక్కడుందో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆమె పెట్టిన నియమాలు ఇంకా ఉన్నాయి. అందులో ఒకటి ఇవాళ్టి కథకి అవసరం.

పేజీ ముందు ఖాళీ డబ్బాలుగా తయారవుతుంది. వార్తలు తర్వాత వస్తాయి. అవి వచ్చేలోగా ఏ డబ్బాలో ఎన్ని లైన్లు పడతాయో తెలియాలి కాబట్టి ఉత్తుత్తి మాటలతో నింపి చూస్తారు. దాన్ని డమ్మీ మ్యాటర్ అంటారు. పిల్లలు మొదటి రోజు ఒకే అక్షరాన్ని వందసార్లు కొట్టి నింపబోయారు. అలా కాదు, అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు, లెక్క తప్పుతుంది అని ఆమె ఒప్పుకోలేదు. "నిజమైన వాక్యాలు రాయండి. మనసుకి ఏది తోస్తే అది. డమ్మీని కొలవాలి గాని చదవకూడదు. ఎలాగూ ఎవరూ చదవరు" అంది. తనూ ఆ మాట మీదే నిలబడింది. ప్రతి శనివారం ప్రాక్టీసు పేజీల ప్రింట్లు చేతికి రాగానే స్కేలు పెట్టి కొలిచేది, ఎర్ర పెన్నుతో అంకె వేసేది, ఇంటికి తీసుకెళ్ళి వంటింటి అల్మరా అరల్లో డబ్బాల కింద పరిచేది. మంచి దళసరి కాగితం.

ఇవాళ బడి పత్రికల పోటీ. పద్నాలుగు బడులు. పొద్దున తొమ్మిదింటికి అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, నీళ్ళ సరఫరా అధికారి వేషంలో ఒకాయన చేత విలేకరుల సమావేశం పెట్టించారు. అక్కణ్ణుంచి రెండింటిదాకా పిల్లలదే లోకం. అయిదు గంటల్లో నాలుగు పేజీల పత్రిక చేసి ఇవ్వాలి. టీచర్లు కంప్యూటర్ గది గుమ్మం దగ్గర అతికించిన పసుపు పట్టీ దాటకూడదు, లోపలివాళ్ళతో సైగ కూడా చేయకూడదు.

టీచర్లకి కుట్టుపని నేర్పే గది ఇచ్చారు. గుడ్డలు కప్పిన మిషన్ల మధ్య బల్లలు. ఏటా గెలిచే బడి మాస్టారు అందరికీ తలో బిస్కెట్టు పంచుతూ ఈమె దగ్గర ఆగి, పేజీలు పెట్టేది మీ అమ్మాయేనటగా అన్నాడు. అవునంది. "ఇంకేం. ఇంట్లో రాత్రీపగలూ ఇవే కబుర్లయ్యుంటాయి. మాకెలా అందుతారు మీరు" అని నవ్వాడు. ఆమె బిస్కెట్టు కొరికింది. ఇంట్లో నిన్న ఏం మాట్లాడుకున్నామా అని వెతుక్కుంది. తలుపు వేశావా అని తను అడిగింది. వేశానని పిల్ల చెప్పింది.

పదకొండింటికి ఒకసారి లేచి వెళ్ళి పసుపు పట్టీ ఇవతల నిలబడింది. తలుపుకున్న అద్దంలోంచి కూతురి వీపు మాత్రమే కనిపించింది. జడ కొంచెం పక్కకి పోయింది. పోయినేడు దాకా ఆ జడ తనే వేసేది. ఎప్పుడు మానేసిందో గుర్తులేదు. ఒక రోజు పిల్ల జడ వేసుకుని వచ్చి నిలబడింది, తను బాగుందంది, అంతే. అంత పెద్ద విషయం అంత చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఇదీ అలాగే జరుగుతుందేమో. ఒక రోజు గదిలోంచి పెట్టె తెచ్చి పెడుతుంది, తను జాగ్రత్త అంటుంది.

రెండింటికి గంట కొట్టారు. పిల్లలు బయటికొచ్చారు. మిగతా జట్లవాళ్ళు గోలగోలగా దిగుతుంటే తన పిల్లలు మాత్రం ఒకరి వెనక ఒకరు నోరు మెదపకుండా వచ్చారు. స్కేలు వాళ్ళలో లేదు. ఏమైందని అడిగేలోగా నిర్వాహకుల మనిషి వచ్చి, జడ్జీగారు ఒకసారి రమ్మంటున్నారన్నాడు.

జడ్జీ రిటైరైన సబ్ ఎడిటర్. కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడుతోంది. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. కూర్చోండమ్మా అని కుర్చీ చూపించి, మీ పిల్లల మొదటి పేజీ చూస్తే మళ్ళీ ఉద్యోగంలో చేరాలనిపించిందన్నాడు. తర్వాత మూడో పేజీ ఆమె వైపు తిప్పి, కింద కుడివైపు మూలన చిన్న డబ్బా మీద వేలు పెట్టాడు.

హెడ్డింగ్ సరిగ్గానే ఉంది. నీళ్ళ వేళల్లో మార్పు. దాని కింద ఎనిమిది లైన్లు.

అలవాటు ప్రకారం ఆమె చెయ్యి ముందు లైన్లు లెక్కపెట్టింది. తర్వాత, తొమ్మిది నెలల్లో మొదటిసారి, డమ్మీ చదివింది.

*ఈ డబ్బాలో ఎనిమిది లైన్లు పడతాయి. మేమిద్దరం రోజంతా మాట్లాడుకునేవి పట్టించినా ఇందులో ఖాళీ మిగులుతుంది. తిన్నావా, తిన్నాను. తలుపు వేశావా, వేశాను. నాన్న మెసేజ్ అమ్మ చూసింది. నేను ఫోను ఎప్పుడూ బోర్లా పెడతాను, స్నానం చేసి వచ్చేసరికి వెల్లకిలా ఉంది. చూసి కూడా అడగలేదు. మా అమ్మ ఎవరినీ ఏదీ అడగదు. రేపు నాన్నకి నేను చెప్పబోయేది ఏమిటంటే*

అక్కడితో డబ్బా నిండిపోయింది.

ఆమె మళ్ళీ చదివింది. మూడోసారి మొదలుపెట్టబోతే కాగితం మీద అక్షరాలు నిలవలేదు.

"మీ అమ్మాయా?" అన్నాడాయన మెల్లగా.

తల ఊపింది.

డమ్మీ పొరపాటున మిగిలిపోయిందని మీరు సంతకం పెడితే నియమం ప్రకారం పది మార్కులు కోసేసి ఊరుకుంటాను, ఈ పేజీ ప్రదర్శనలో గోడకి ఎక్కించను, ఇంకెవరి కంటా పడదు అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. పెన్ను వెనక్కి తీసుకుంటూ ఆయన పక్క గది వైపు చూశాడు.

"మిగతాది కంప్యూటర్లో ఉంటుందమ్మా. డబ్బాలో పట్టని మాటలు పోవు, కింద దాక్కుంటాయి. అంచు పట్టుకుని కాస్త కిందికి లాగితే చాలు, బయటికొస్తాయి. మీరు చూసుకుంటానంటే నేను బయట నిలబడతాను."

పక్క గది తలుపు తెరిచే ఉంది. వరుసలో నాలుగో కంప్యూటర్. నాలుగడుగులు వేసి, ఒక వేలితో లాగితే ఆదివారం సంగతి శనివారమే తెలిసిపోతుంది. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆమె కుర్చీలోంచి లేచింది కూడా. లేచాక, బోర్లా ఉండాల్సిన ఫోను గుర్తొచ్చింది.

"వద్దండి" అంది. "ఒకసారి నాది కానిది చదివాను. అడగకుండా."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఇతరుల వాక్యాలు స్థలం చాలక మధ్యలో కోస్తూ బతికానమ్మా, మిగతా సగం ఏమైందని ఒక్కరూ నా దగ్గరికొచ్చి అడిగినవాళ్ళు లేరు, వెళ్ళి అడగండి అన్నాడు.

బయట వరండాలో రేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇచ్చాను టీచర్. ఒట్టు. ఆరు నిమిషాలుండగా ఇచ్చాను. జన్మలో మొదటిసారి టైముకి ఇచ్చాను" అన్నాడు. ఆ నీళ్ళ వార్త రాయాల్సింది వాడే. స్కేలు ఆ కాగితం తీసుకుంది, చూసింది, కీబోర్డు పక్కన పెట్టుకుంది, తర్వాత వాడు అడుగుతున్నా పలకలేదట. ప్రింటు బయటికొచ్చాక తనే అందరికీ చెప్పేసిందట, తప్పు రేపుది కాదు, నాది అని. పిల్లలు ఇంక ఆ అమ్మాయితో మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియలేదు టీచర్ అన్నాడు వాడు.

ఆమె వాడి భుజం తట్టి, స్కేలు ఎక్కడుందని అడిగింది. వెనక మెట్ల వైపు చూపించాడు.

వెనక మెట్లు చెప్పుల స్టాండు వైపు దిగుతాయి, అటు ఎవరూ రారు. కూతురు కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుని స్కేలుతో మోకాలి మీద గీతలు గీసుకుంటోంది. టిఫిను డబ్బా పక్కనే ఉంది, తెరవలేదు. తల్లి రెండు మెట్లు పైన ఆగింది. దగ్గరికెళ్ళి కూర్చుందామనుకుంది గాని, ఎంత దూరంలో కూర్చోవాలో తెలియలేదు. సొంత పిల్ల పక్కన ఎంత ఎడం వదలాలో కొలవాల్సిన రోజు వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చివరికి ఒక మెట్టు దిగి కూర్చుంది.

"ఆరు నిమిషాలు ఉందట కదా" అంది.

"ఉంది."

"మరి?"

పిల్ల స్కేలు చూస్తూనే మాట్లాడింది. "వాడిచ్చింది ఎక్కించాలంటే నాది చెరపాలి. వారం వారం చెరుపుతూనే ఉన్నాను. ఇవాళ చెయ్యి రాలేదు. ఇక్కడైతే జడ్జీ ఉంటాడు. ప్రతి అక్షరం చదవడం ఆయన పని. ఎవరో ఒకరు చదువుతారు కదా అనిపించింది." స్కేలు మోకాలి మీద ఆపింది. "వాళ్ళందరి కష్టం పాడు చేశాను. అది నాకు తెలుసు. దానికి ఏం చేసినా సరిపోదు."

సరిపోదని తల్లికీ తెలుసు. కాదని ఓదార్చలేదు. పైన ఎక్కడో ఎవరో బల్లలు జరుపుతున్నారు. మైకు సరిచేస్తున్న చప్పుడు. ఫలితాలు చెప్పబోతున్నారు. తను అక్కడ ఉండాలి, మిగతా ఆరుగురి పక్కన నిలబడాలి. ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటే ఈ మాట మళ్ళీ గొంతులోంచి వెనక్కి పోతుంది. దాని దారి ఆమెకి బాగా తెలుసు.

"రేపు నాన్నకి ఏం చెప్పబోతున్నావు?" అంది.

కూతురు తల తిప్పి చూసింది. ఇంత మామూలు ప్రశ్న వినడానికి తొమ్మిది నెలలు పట్టినట్టు చూసింది.

"మిగతాది చూడలేదా? లాగితే కనిపిస్తుంది కదా."

"చూడలేదు. నిన్ను అడుగుదామని."

పిల్ల స్కేలు జేబులో పెట్టుకుంది. టిఫిను డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. జవాబుకి బదులు వేరే మాట అడిగింది.

"మన అల్మరా అరల్లో ఏం పరిచావమ్మా?"

బడి ఆవరణలో అమ్మా అంది. ఇద్దరూ ఆ సంగతి గమనించనట్టే ఊరుకున్నారు.

"మీ ప్రాక్టీసు పేజీలే. ఎందుకు?"

"ముప్పై ఒకటి ఉండాలి. ప్రతి దాంట్లో కింద కుడివైపు ఒక డబ్బా ఉంటుంది. మనసుకి ఏది తోస్తే అది రాయమన్నావు. రాశాను. నువ్వు కొలిచి అంకె వేసేదానివి." లేచి లంగా దులుపుకుంది. "ముందు అవి చదువు. మొదటి దాన్నుంచి. తర్వాత మళ్ళీ ఇదే అడుగు, చెప్తాను. అవి చదివాక కూడా నన్ను ఉండమంటావో లేదో నాకు తెలియదు."

ఫలితాల్లో వాళ్ళ బడి రెండోది. మొదటి బడికీ వాళ్ళకీ తేడా ఏడు మార్కులు. కోసినవి పది. ఏటా గెలిచే మాస్టారు వచ్చి చెయ్యి కలిపి, వచ్చే ఏడు మీదేనండీ అన్నాడు. బస్సులో ఆరుగురు పిల్లలూ ముందు కూర్చున్నారు, స్కేలు చివరి సీట్లో ఒక్కతే. తల్లి లేచి వెనక్కి వెళ్ళబోతే కళ్ళతోనే వద్దంది. దిగేటప్పుడు మాత్రం రేపు ఆ పిల్ల సీటు దగ్గర ఆగి, మెట్ల మీద మర్చిపోయిన టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టి దిగిపోయాడు. ఆ పూటకి వాడికి చేతనైంది అంతే.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. కూతురు తన గదిలోకి వెళ్ళింది. రోజూ పూర్తిగా మూసే తలుపు ఇవాళ జానెడు తెరిచి వదిలింది. తల్లి చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వంటగదిలోకొచ్చి నిలబడింది. అల్మరా అయిదు అరలు. కిందది అన్నిటికన్నా ముందు పరిచింది.

డబ్బాలు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. చక్కెర, ఉప్పు, టీ పొడి. కాగితాల మీద గుండ్రటి మరకలు, కొన్ని చోట్ల నూనె దిగి అవతలి వైపు కనిపిస్తోంది. అడుగున ఉన్న కాగితం చెక్కకి అంటుకుపోయింది. గోటితో అంచు లేపి, చిరగకుండా మెల్లగా లాగింది. పైన తేదీ ఉంది. భర్త వెళ్ళిన తర్వాతి శనివారం. కింద కుడివైపు డబ్బా. పక్కన ఎర్ర పెన్నుతో తన చేతిరాత, ఎనిమిది, సరిపోయింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుంది.

*నాన్న తనంతట తను వెళ్ళలేదు. నేను వెళ్ళమన్నాను. నువ్వు వెళ్ళిపోతేనే అమ్మ బాగుంటుందని చెప్పాను. ఎందుకని నాన్న అడిగితే, ఆ రోజు నేను చూసింది చెప్పాను. అమ్మకి చెప్పొద్దని ఇద్దరం*

ఉప్పు డబ్బా తడి మిగతా లైన్లని తినేసింది.

ఆమె కాగితం పట్టుకుని అలాగే నిలబడింది. తన మౌనమే అతన్ని వెళ్ళగొట్టిందని తొమ్మిది నెలలుగా మోసినదంతా ఒక్కసారి చేతిలోంచి జారి, దాని బదులు పేరు తెలియని ఇంకేదో వచ్చి కూర్చుంది. ఆ రోజు. ఏ రోజు? పిల్ల ఏం చూసింది?

లోపలి గదిలోంచి, ఆ జానెడు సందులోంచి గొంతు వినిపించింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు పిలిచే గొంతు.

"అమ్మా. ఎన్నో పేజీలో ఉన్నావు?"